ఏరు దాటిన పగులు

మార్చి 9, ఆదివారం
ఉదయం

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం నాన్న మనకు నేర్పిన పద్ధతి. ఉభయుల్లో నీ సంగతి నాకు తెలియడం లేదు కాబట్టి నా సగమే రాస్తున్నాను. నేను క్షేమం. మోకాలి నొప్పి ఎప్పటిలాగే వస్తూ పోతూ ఉంది. వంటింటి మీద తాపీమేస్త్రీ రేకులు వేసి వెళ్ళాడు. వాన పడితే లోపల ఎవరి మాటా ఎవరికీ వినపడదు, తక్కిన రోజుల్లో ఇబ్బంది లేదు. వీధి కుళాయికి నీళ్ళు వస్తున్నాయి. కుట్టుమిషను మీద గోడ పెచ్చు పడి చక్రం వంగిపోయింది కదా, అది బాగు చేయించుకున్నాను. మళ్ళీ కుడుతున్నాను.

మరదలు ఫోను చేసినప్పుడల్లా, ఆయన బాగానే ఉన్నారు వదినా అంటుంది. ఆ మాట అన్నాక ఎంతసేపు ఊరుకుంటుందో దాన్నిబట్టి నువ్వెలా ఉన్నావో నేను లెక్క వేసుకుంటాను. పోయిన వారం మాత్రం పాపం దాచుకోలేకపోయింది. ఆఫీసుకు వెళ్ళడం మానేశావట. రాజీనామా పంపావట, మీ డైరెక్టరు ఈ నెలాఖరు దాకా సంతకం పెట్టకుండా ఆగుతానన్నాడట. ముప్పై ఏళ్ళుగా పోగేసిన పుస్తకాలు కట్టలు కట్టి గుమ్మం పక్కన పెట్టావట, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుపోవచ్చని. ఎవరేం అడిగినా, నాకేం తెలియదు, నన్నడక్కండి అంటున్నావట. నీ సంగతులు ఇంకొకరి నోట వినాల్సి రావడం నాకు ఇదే మొదటిసారి. చాలా కష్టంగా ఉంది.

ఫోను చేస్తే నువ్వు తీయవు. తీసినా ఆఁ అక్కా, ఆఁ అక్కా అని రెండు ముక్కలని మరదలి చేతికిచ్చేస్తావు. ఉత్తరమైతే మధ్యలో ఎవరి చేతికీ ఇవ్వలేవు. అందుకని రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకో.

ముందు నీ విద్యార్థిని సంగతి. పిడుగు అని నువ్వే పేరు పెట్టావు కాబట్టి నేనూ అలాగే పిలుస్తున్నాను. ఆ పిల్ల మా ఇంట్లోనే ఉంటోంది. ఊళ్ళో లాడ్జీలన్నీ భూకంపానికి పడిపోయాయి కదా, వచ్చిన కొత్తలో వ్యానులోనే పడుకుంటున్నదని తెలిసి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. పనిలో పడితే దానికి తిండి గుర్తుండదు. పిలిస్తే, వస్తున్నా పెద్దమ్మా అంటుంది, రాదు. రెండోసారి పిలిస్తే, వచ్చేశాను అంటుంది, అప్పుడూ రాదు. అచ్చం నీ పోలికే.

మా సామాన్ల గదిలో నేల బండ ఒకటి పెకలించి, సిమెంటు దిమ్మ పోసి, దానిమీద మీ యంత్రం పెట్టారు. ఊరంతా కలిపి ఇలాంటివి ఇరవై దాకా ఉన్నాయి. పెద్ద భూకంపం తర్వాత ఇంకా వస్తూనే ఉన్న చిన్న ప్రకంపనలు పట్టుకోవడానికట. యంత్రం మీద థర్మాకోలు పెట్టె ఒకటి బోర్లించి చేతులు దులుపుకున్నారు. చూసి నాకు ఒళ్ళు మండింది. చల్లగాలి తగిలితే అది లేనిపోని కదలికలు చూపిస్తుందని నాకు చెప్పింది నువ్వే కదా. పాత దుప్పట్లు రెండు కలిపి బొంత కుట్టి కప్పాను. పిడుగు కంప్యూటరులో చూసుకుని, గీత ఎంత నిలకడగా ఉందో పెద్దమ్మా అని మురిసిపోయింది. తక్కిన ఇళ్ళలో యంత్రాలకు కూడా కుట్టి ఇవ్వమని అడిగింది. కుడుతున్నాను.

నీ మొట్టమొదటి యంత్రానికి బొంత కుట్టింది కూడా నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాగితం మీద కొలతలు రాసుకుని వచ్చావు. ఇంత పొడుగు, ఇంత వెడల్పు, మెత్తగా ఉండాలి, లోపలికి గాలి పోకూడదు అన్నావు. మీ బావ ఆ కాగితం తిరగేసి మరగేసి చూసి, ఇదేమిటోయ్ పాతాళం, పెళ్ళి కాకుండానే పొత్తిళ్ళు కుట్టిస్తున్నావు అన్నారు. నువ్వు సిగ్గుపడి చచ్చావు. ఆ పేరు అప్పుడే స్థిరపడింది. ఆ తర్వాత నువ్వు ఎంత పెద్ద సభలో మాట్లాడి వచ్చినా మీ బావకు పాతాళానివే. పాతాళం ఫోను చేశాడా, పాతాళం సన్నబడ్డాడు, ఇలా.

నువ్వు చేసే పని ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఎన్ని తంటాలు పడ్డావో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పుచ్చకాయ తట్టి లోపల పండిందో లేదో చూస్తాం కదక్కా, నేనూ భూమిని అలాగే చూస్తాను, కాకపోతే తట్టడం నా చేతుల్లో లేదు అన్నావు. ఎక్కడో సగం ప్రపంచం అవతల పెద్ద భూకంపం వస్తే ఆ కదలిక భూమి లోపలి నుంచి ప్రయాణం చేసి మీ దగ్గరికి వస్తుంది. మెత్తటి చోట నెమ్మదిస్తుంది, గట్టి చోట పరుగెత్తుతుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి దారిలో ఏముందో చెబుతారు. అంతా విని నేను, అయితే ఎక్కడో ఊళ్ళు కూలితే గానీ నీకు పని దొరకదన్నమాట అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. నీ మొహం చిన్నబోయింది.

అప్పుడే నీకు ఈ పని నేర్పిన మాస్టారి నియమం సంగతి చెప్పావు. పెద్ద భూకంపం వచ్చి గీతలు నిండుగా పడిన రోజున ఆయన గదిలో ఎవరూ బాగా వచ్చింది అనకూడదు. అక్కడ మనుషులేమయ్యారో కబురు తెలిసేదాకా ఆ మాట నిషిద్ధం. ఒకడు నోరు జారి అంటే ఆయన వాడిని ఆ రోజంతా బయట కూర్చోబెట్టారట. మాస్టారు పోయాక కూడా నువ్వు ఆ నియమం వదల్లేదు. మీ గదిలో పిల్లలకూ అదే నేర్పావు. ఎప్పుడైనా నువ్వు ఇంటికొచ్చి, భోజనం ముందు పెట్టినా కలుపుతూ కూర్చున్నావంటే, ఆ రోజు చాలా మంచి రికార్డు దొరికిందని మీ బావ కనిపెట్టేసేవారు. నాకు సైగ చేసేవారు, మాట్లాడించకు అని.

గుడ్డ చిరుగు సంగతి కూడా గుర్తు చేయాలి. భూమిలో పగులు బారెడు పొడుగు ఉంటే మొత్తం ఒకేసారి తెగుతుందా, సగంలో ఆగుతుందా అని నువ్వు తల బద్దలు కొట్టుకుంటున్న రోజులు. నేను మిషను దగ్గర పాత కర్టెన్లు చింపుతున్నాను. చిరుగు సర్రున వచ్చి కుట్టు దగ్గర ఆగిపోయింది. నువ్వు గభాలున లేచి, మళ్ళీ చింపు అన్నావు. నాలుగు కర్టెన్లు చింపించావు. అక్కా, భూమికి కూడా ఇలాంటి కుట్లు ఉంటాయి, రెండు రకాల రాళ్ళు కలిసే చోట్లు, పెద్ద భూకంపాలు అక్కడ ఆగుతాయి అన్నావు. వాటికి గేట్లు అని పేరు పెట్టుకున్నావు. ఆ తర్వాత నీ జన్మంతా గేట్ల వెంట తిరగడమే అయింది. చివరికి ఒక గేటు మా ఊరి ఏటి కిందే ఉందని కనిపెట్టావు.

దానికోసం ఏటి ఒడ్డున గొయ్యి తవ్వించిన రోజు నాకు బాగా గుర్తుంది. లోతుకు పోయేకొద్దీ నీళ్ళు ఊరిపోతున్నాయి. ఏ ఆఫీసూ పంపు ఇవ్వకపోతే మీ బావ తన వర్క్‌షాపులో ఎవరిదో బాగు చేసి పెట్టిన పంపు తీసుకొచ్చి, అక్కడే కుర్చీ వేసుకుని రోజంతా నీళ్ళు తోడించారు. నువ్వు గోతిలో మోకాళ్ళ మీద కూర్చుని గోడకు గుచ్చిన మేకులు చూపిస్తూ, ఇదిగో బావా, ఈ మట్టిపొర తెగింది, పైపొర తెగలేదు, ఏటికి ఇవతల రెండుసార్లు తెగింది, అవతల ఒక్కసారి కూడా తెగలేదు అన్నావు. మీ బావ వంగి చూసి, బురదలో బురద తప్ప నాకేం కనపడట్లేదు గానీ నువ్వు చెబుతున్నావు కాబట్టి సరే అన్నారు. మీ ఇద్దరూ అంత సంతోషంగా ఉండగా నేను మళ్ళీ చూడలేదు.

ఇక రాయక తప్పని సంగతికి వస్తాను.

మునిసిపాలిటీ వాళ్ళు నిన్ను పిలిచి సభ పెట్టినప్పుడు నేను మూడో వరుసలో కూర్చున్నాను. గంటసేపు మాట్లాడావు. సాధారణంగా అన్నావు, ఇప్పటికి తెలిసినంతవరకు అన్నావు, రెండుసార్లు ఆగింది కాబట్టి మూడోసారీ ఆగుతుందని హామీ లేదు అన్నావు. అన్నీ అన్నావు, నేను విన్నాను. చివర్లో అవతలి ఒడ్డున కిరాణా దుకాణం నడిపే ఆవిడ లేచి, అయ్యా, ఇన్ని మాటలు మాకు తెలియవు, మా వైపు వస్తుందా రాదా, ఒక్క ముక్కలో చెప్పండి అంది. నువ్వు అలిసిపోయి ఉన్నావు. రాకపోవచ్చు అన్నావు. జనం చప్పట్లు కొట్టారు. మరుసటి వారానికి ఊళ్ళో రాకపోవచ్చు పోయి, రాదు మిగిలింది.

మ్యాపు సంగతీ అంతే. ఏరు దాటాక నువ్వు పగులు గీతను తెంపి తెంపి గీసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టావు. మునిసిపాలిటీ ఇంజనీరుగారి ఆఫీసులో దానికి రంగులు వేశారు. ఏటి దాకా ఎరుపు, ఏరు దాటితే ఆకుపచ్చ. తెగిన గీతకు వేయడానికి వాళ్ళ దగ్గర రంగు లేకపోయింది. నువ్వు వెళ్ళి గొడవ పెట్టుకున్నావు. రెండోసారి కూడా వెళ్ళావు. సరిచేస్తామన్నారు, చేయలేదు. మూడోసారి నువ్వు వెళ్ళలేదు. జరిగింది ఇదీ. ఇందులో నీ తప్పెంతో కొలవడం నాకు రాదు. అసలేమీ లేదని మాత్రం రాయను, రాసినా నువ్వు నమ్మవు.

మీ బావ ఆ ఆకుపచ్చ చూసుకునే కొత్త షెడ్డు అవతలి ఒడ్డున వేశారు. చోటు విశాలంగా ఉందని, లారీ తిరగడానికి వీలని కూడా అనుకో. కానీ మ్యాపు మడత విప్పి నాకు చూపించి, మీ తమ్ముడు ఇక్కడ మనకు గేటు వేసి పెట్టాడు అని నవ్వింది నిజం. నవంబరులో పగులు ఏరు దాటి వచ్చిన ఆ రోజు పొద్దున పంపు మోటారు ఒకటి విప్పుతూ లోపల ఉన్నారు. పనివాళ్ళిద్దరూ బయట వ్యానులో సామాను దించుతున్నారు. గోడ లోపలికి పడింది. ఇంతకంటే రాయలేను.

నాకు నీమీద కోపం లేదు. రైళ్ళు ఆగిపోయాయి, దారులు మూసుకుపోయాయి, నువ్వు మాత్రం ఎలా వస్తావు. ఊళ్ళో ఎవరైనా అడిగితే అదే

సాయంత్రం

పైన వాక్యం అలా తెగిపోయి, కలం కాగితం చివరిదాకా గీసుకుంటూ పోయింది చూశావా. అది ముసలిదాని చేతి వణుకు కాదు. రాస్తుండగానే ఒకటి వచ్చింది. చిన్నదే. గ్లాసులు గలగలమన్నాయి, రేకులు మోగాయి, వీధిలో జనం బయటికి పరుగెత్తారు. నేను బల్ల కింద దూరాను. నువ్వు చెప్పినట్టే బల్ల కాలు పట్టుకుని కూర్చున్నాను. మోకాలికి అదొక శిక్ష. పిడుగు మాత్రం బల్ల కింద కూడా ఒళ్ళో కంప్యూటరు పెట్టుకునే ఉంది. అది ఆగాక, బాగా అని నోరు తెరిచి, నన్ను చూసి నోరు మూసుకుంది. ముందు వీధిలోకి వెళ్ళి అందరూ ఎలా ఉన్నారో కనుక్కుని వచ్చాకే తెర వైపు చూసింది. మీ మాస్టారి నియమం దాని దాకా వచ్చిందని నీకు తెలియాలని రాస్తున్నాను.

ఆ తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన బెంగ ఏమిటో చెప్పింది. నాకు అర్థమైనంతవరకు నీకు చెబుతాను, తప్పులుంటే దిద్దుకో.

నవంబరు నుంచి వచ్చిన ప్రకంపనలన్నీ ఎక్కడెక్కడ పుట్టాయో మ్యాపు మీద చుక్కలు పెట్టిందట. పగులు వెంట చుక్కలు చీమల బారులా ఉన్నాయి. కానీ ఏటికి అవతల, పాత ఇటుక బట్టీల నుంచి కొండ మలుపు దాకా ఒక్క చుక్క కూడా లేదు. దానికి రెండు అర్థాలున్నాయట. ఆ ముక్క నవంబరులోనే పూర్తిగా జారిపోయి ఉండొచ్చు. అప్పుడు జారడానికింకేమీ మిగల్లేదు కాబట్టి నిశ్శబ్దం. లేదా, ఆ ముక్క అసలు కదలనే లేదు. బిగుసుకుని అలాగే కూర్చుని ఉంది. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనపడతాయట.

ఇటుక బట్టీలున్న ఆ చోటనే ఇప్పుడు కొత్త బడి కట్టాలంటున్నారు. దాని పక్కన ఆసుపత్రి. ఖాళీ నేల, ఎవరినీ లేపనక్కర్లేదు, పైగా నవంబరులో అక్కడ పడిపోవడానికేమీ లేదు కాబట్టి ఏమీ పడలేదు. అది మంచి నేల అని జనం నమ్మకం. ఈ నెల ఇరవై ఏడున సభ. మొన్న ఇంజనీరుగారు మా ఇంటికే వచ్చి, ఏదో ఒకటి తేల్చి చెప్పమ్మా, తెలియదంటే సభలో ఎవరూ వినరు, పిల్లలు డేరాల్లో చదువుకుంటున్నారు అని దానితో అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయముంది. వానాకాలం వస్తే ఆ డేరాలు నిలవవు.

ఆయన వెళ్ళాక పిడుగు కంప్యూటరు మూసేసింది. తర్వాత, సర్ ఒక్కసారి రాకపోవచ్చు అన్నందుకు ఏమైందో చూశాను కదా పెద్దమ్మా, నేను ఏ నోటితో చెప్పను అంది. నీ దగ్గర పాత రికార్డులున్నాయట. ఆ బట్టీల కింద ఏ రాయి ఎంత లోతున ఎలా ఉందో నువ్వు పదేళ్ళు తవ్వి తీసినవి. అవీ ఇవీ పక్కన పెట్టి చూడగలిగితే ఆ ఖాళీ ఏ రకం ఖాళీయో తేలొచ్చునట. సగం పని అది చేసింది. తక్కిన సగం ఎలా చేయాలో నీ ఒక్కడికే తెలుసునట. పదిసార్లు ఫోను చేసిందట. నువ్వు తీయలేదు.

తేలకపోవచ్చు కూడా, అదీ చెప్పింది. నువ్వు వచ్చి, అన్నీ చూసి, చివరికి తెలియడం లేదు అనాల్సి రావచ్చు. అయినా రావాలి. తెలియదు అని చెప్పడానికి కూడా తెలిసినవాడే కావాలిరా. ఆ పిల్ల తెలియదంటే, చిన్నపిల్ల, చదువు చాల్లేదు అంటారు. నువ్వు లేచి నిలబడి, నాకు తెలియదు, తెలిసేదాకా అక్కడ పునాది తియ్యకండి అంటే ఊరు వింటుంది. ఎందుకు వింటుందో నేను చెప్పనక్కర్లేదు. నువ్వు ఒకసారి చెప్పిన మాట తప్పింది, దానికి నీ ఇంటి మనిషే పోయాడు. అలాంటివాడు లేచి ఊరికే భయపెడతాడని ఎవరూ అనుకోరు. రేపు ఆ బడి గోడల మధ్య పిల్లలుండగా రెండో అర్థం నిజమైతే, నేనేం చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు అని నువ్వు గదిలో కూర్చోగలవా? కూర్చోలేవు. నిన్ను పెంచినదాన్ని, నాకు తెలుసు.

ఇంకో మాట. నీ పేరుతో ఎవరో రోజూ ఈ ఊరి రికార్డులు తెరుస్తున్నారట. పిడుగు కనిపెట్టింది. ఇరవై యంత్రాలుంటే తెరిచేది ఒక్కటేనట, మా సామాన్ల గదిది. దాని పక్కన నడిస్తే మనిషి అడుగులు కూడా గీతలో పడతాయట కదా. అయితే నా మోకాలి నొప్పి సంగతి నీకు ఎప్పుడో తెలిసి ఉంటుంది, ఒక కాలు బరువుగా ఒక కాలు తేలిగ్గా పడుతుంది కాబట్టి. ఈ సంగతి తెలిశాక మొన్న మంగళవారం కావాలనే గట్టిగా నడిచాను. ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్ళీ ఇటు. పిడుగు పరుగెత్తుకొచ్చి, పెద్దమ్మా, రికార్డు పాడైపోతుంది అని మొత్తుకుంది. పాడైతే అయింది, చూసేవాడు చూసుకుంటాడు అన్నాను. ఇంత దూరం నుంచి నా అడుగులు వింటూ కూర్చునేవాడివి, వచ్చి తలుపు కొట్టడానికి నీకేమైంది?

వచ్చేటప్పుడు పాత రికార్డుల పెట్టె మర్చిపోకు. పుస్తకాల కట్టలు విప్పి మళ్ళీ అల్మరాలో పెట్టమని మరదలికి నేను చెప్పేశాను, ఎవరూ తీసుకుపోకముందే. దాన్నేమీ అనకు. దానికి రెండు జేబుల నైటీ ఒకటి కుట్టి ఉంచాను, నీతో పంపిస్తాను. పడకగది గోడ బీట తీసింది కాబట్టి నీకు ముందు గదిలో మంచం వేయిస్తాను. మెత్త కొంచెం గట్టిది, సర్దుకో.

కోపం లేదని ఇంకోసారి రాస్తున్నాను, అది మనసులో పెట్టుకుని వెనకాడకు. మరదలికి ఆశీస్సులు.

నీ రాక కోసం చూసే
అక్క

తా.క. కవరు అంటించే ముందు ఇదంతా మళ్ళీ చదువుకున్నాను. కోపం లేదని రెండు చోట్ల రాశాను. రెండూ అబద్ధమే. కొట్టేద్దామనుకున్నాను గానీ, కొట్టేస్తే కింద ఏముందా అని నువ్వు వెలుతురుకు పెట్టి చూస్తావు. అందుకని ఉంచేశాను.

కోపం గీత తప్పినందుకు కాదు. భూమి నీ మాట వింటుందని నేనెప్పుడూ అనుకోలేదు, మీ బావా అనుకోలేదు. దారులు మూసుకుపోయాయని రాశానే, అదీ పూర్తి నిజం కాదు. నాలుగో రోజు పొద్దునకల్లా రోడ్డు తెరిచారు. మీ బావను తీసుకువెళ్ళింది ఆ రోజే. మోయడానికి ముగ్గురు దొరికారు. వీధిలో ఎవరిళ్ళ మనుషులను వాళ్ళు మోసుకుంటున్న రోజది, ఎవర్నని అడుగుతాం. అంతలో నీ యంత్రాల వ్యాను వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. నువ్వే దిగుతావనుకుని, నాలుగో చోటు ఉంచండి, మా తమ్ముడు వచ్చాడు అని అందరికీ చెప్పాను. దిగింది పిడుగు. నన్ను చూసింది, ఆ ఖాళీ చోటు చూసింది. చేతిలో పెట్టె కింద పెట్టి వచ్చి భుజం పట్టింది. చివరిదాకా అదే మోసింది. నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది.

ఆ చోటు నీదిరా. నువ్వు రాలేదు. దానికి నిన్ను తిట్టాలి, కాగితం మీద తిట్టడం నాకు చేతకావడం లేదు. వచ్చి ఎదురుగా నిలబడు. తిట్టడం అయ్యాక ఇద్దరం కూర్చుని ఆయన కోసం ఏడుద్దాం. నవంబరు నుంచి ఇప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు.